ఓరల్ సెక్స్ వల్ల హెపటైటిస్ వస్తుందా? రాత్రంతా గూగుల్ చూసి పిచ్చెక్కింది, తెలిసినవాళ్ళు చెప్పండి

కాజీపేట_పోరడు:
అన్నలూ, ఇది కొత్త ఐడీ, ఎందుకో మీకే అర్థమైతది. వయసు 27, పెళ్ళి కాలేదు. రెండు మూడు వారాల కింద హైదరాబాద్‌లో పరిచయం ఉన్న ఒకామెతో ఓరల్ జరిగింది. ఆమె నాకు చేసింది, కండోమ్ లేదు, అంతకు మించి ఏమీ జరగలేదు. అప్పుడు ఏమీ అనిపించలేదు గానీ తర్వాత మాటల్లో మాటగా పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం వస్తుందని అన్నది, ఇగ అప్పటి నుంచి నిద్ర లేదు. అన్నం సహించట్లేదు, నీరసం, పొద్దున మూత్రం పచ్చగా వస్తున్నది. నిన్న హన్మకొండలో ఒక ల్యాబుకు పోయి ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పరీక్ష) చేయించాను. బిలిరుబిన్ 0.9, ఎస్‌జీపీటీ (లివర్ ఎంజైమ్) మాత్రం 58 వచ్చింది, పక్కన 40 లోపు ఉండాలని రాసి ఉంది. కౌంటర్ దగ్గర ఉన్నాయన "లివర్ కొంచెం డిస్టర్బ్ అయినట్టుంది" అన్నాడు. ఇది హెపటైటిస్ బీ నా, సీ నా? ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. దయచేసి కామెడీ చేయకండి.

ఓరుగల్లు_బుల్లెట్:
తమ్మీ, కామెర్లే అయితే టెన్షన్ ఎందుకు, మా అమ్మమ్మగారి ఊళ్ళో ఒకాయన పసరు పోస్తాడు. మూడు పూటలు, ఉప్పు కారం బంద్. మా బావమరిదికి అట్లనే దిగిపోయింది. కావాలంటే ఊరి పేరు మెసేజ్ చేస్తా.

ల్యాబ్_మామ:
బుల్లెట్ తమ్ముడూ, ముందు ఆ పోరనికి కామెర్లు ఉన్నాయా లేవా చూడు. బిలిరుబిన్ 0.9 అంటే కామెర్లు లేనట్టే. మూత్రం పచ్చగా వచ్చేది నీళ్ళు తాగక, ఈ ఎండల్లో నాకూ అట్లనే వస్తుంది. కామెర్లలో వచ్చేది ముదురు రంగు, టీ డికాక్షన్ లాగా ఉంటది, కళ్ళు కూడా పచ్చబడతాయి.

కాజీపేట తమ్ముడూ, నీ రిపోర్టు మాట. ఎల్‌ఎఫ్‌టీ అనేది లివర్ ఎట్లా పని చేస్తున్నదో చెప్పే పరీక్ష, దాంట్లో వైరస్ కనపడదు. ఎస్‌జీపీటీ 58 లాంటివి నేను రోజూ ప్రింటు తీసి ఇస్తుంటాను. ఎక్కువగా ఫ్యాటీ లివర్ వాళ్ళవీ, పెళ్ళిళ్ళ సీజన్లో మందు కొట్టి వచ్చిన వాళ్ళవీ. జిమ్ములో కొత్తగా బరువులు ఎత్తినా పెరుగుతుంది, కొన్ని మాత్రలు వాడినా పెరుగుతుంది. నిజంగా వైరల్ హెపటైటిస్ ముదిరితే ఆ నంబరు వందల్లో, ఒక్కోసారి వేలల్లో ఉంటుంది. కౌంటర్లో కూర్చున్నాయన మాట వదిలెయ్, ఆయన పని బిల్లు కొట్టడం.

కాజీపేట_పోరడు:
మామా, కొంచెం ఊపిరి పీల్చుకున్నా. మందు అలవాటు ఉంది, అబద్ధం చెప్పను, వారానికి రెండు సార్లు దోస్తులతో. కానీ చిగుళ్ళ రక్తం సంగతి? ఉమ్మిలో కూడా బీ వైరస్ ఉంటదని చదివాను.

జ్వరంబిళ్ళ:
నేను ప్రభుత్వాసుపత్రిలో మెడిసిన్ వార్డులో పని చేస్తాను. ఇక్కడ రాసేది మీ డాక్టర్‌కి బదులు కాదు. ఇలాంటి ప్రశ్నను ఓపీలో ఎవరూ నోరు తెరిచి అడగరు, "కడుపులో మంట సార్" అని మొదలుపెట్టి బయటకు వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర ఆగి అడుగుతారు. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

హెపటైటిస్ అంటే లివర్ వాపు. దాన్ని తెచ్చే వైరస్‌లు ఐదు, ఏ నుంచి ఈ వరకు. ఒకదానికీ ఇంకోదానికీ చుట్టరికం లేదు, పేరే ఒకటి. ఏ, ఈ రెండూ మలం కలిసిన నీళ్ళు, తిండి ద్వారా వస్తాయి. వానాకాలం మొదట్లో మన దగ్గర మంచినీళ్ళ పైపులు మోరీల పక్కన పగిలినప్పుడు ఒకే వాడలో పది మందికి కామెర్లు వస్తాయి చూడండి, అది చాలాసార్లు ఇదే. సెక్స్‌తో ఏ కి ఉన్న సంబంధం ఒక్కటే, మలద్వారం దగ్గర నోరు పెడితే రావచ్చు. మామూలు ఓరల్‌తో దీనికి పెద్దగా సంబంధం లేదు. వచ్చినా దీర్ఘకాలం ఉండిపోదు, తగ్గిపోతుంది. హెపటైటిస్ ఈ మాత్రం గర్భిణీలకు ప్రమాదం, వాళ్ళలో కామెర్లు కనిపిస్తే ఒక్క పూట కూడా ఇంట్లో ఉంచకండి.

బీ రక్తంలో, వీర్యంలో, యోని స్రావాల్లో ఉంటుంది. సెక్స్ ద్వారా బాగానే అంటుతుంది. ఉమ్మిలో కూడా ఉంటుంది, మీరు చదివింది నిజమే, కానీ రక్తంతో పోలిస్తే చాలా తక్కువ. ముద్దు పెట్టుకుంటే, ఒకే కంచంలో తింటే, దగ్గితే, తుమ్మితే బీ రాదు. ఓరల్‌లో రిస్కు చిన్నదే గానీ సున్నా అనలేము. ఇక్కడ చాలామంది తిప్పి అర్థం చేసుకునే విషయం ఒకటుంది. రిస్కు ఎక్కువ నోటితో చేసేవాళ్ళకి, ఎందుకంటే వీర్యమో, స్రావమో, నెలసరి రక్తమో వాళ్ళ నోట్లోకి వెళ్తుంది. చేయించుకున్నవాళ్ళకి తగిలేది ఉమ్మి మాత్రమే. చిగుళ్ళ నుంచి రక్తం కారుతుండి, ఆమెకు బీ ఉండి, మీ చర్మం మీద పుండో గీతో ఉంటే అప్పుడు కొంచెం ఆలోచించాలి. ఈ మూడూ ఒకేసారి కలవాలి.

సీ పూర్తిగా రక్తం జబ్బు. సూదులు, సరిగ్గా పరీక్షించని రక్తం, శుభ్రం చేయని పరికరాలు. ఓరల్ సెక్స్ వల్ల సీ వచ్చిందని చెప్పడానికి ఆధారం లేదు. డీ అనేది బీ ఉన్నవాళ్ళకే వస్తుంది, దాని గురించి ఇక్కడ బుర్ర పాడు చేసుకోవద్దు.

ఇక బుల్లెట్ గారూ, పసరు గురించి. మీ బావమరిదికి హెపటైటిస్ ఏ వచ్చి ఉంటుంది, అది పసరు తాగినా తాగకపోయినా కొన్ని వారాల్లో తగ్గేదే. ఆ ఖాతా పసరాయన వేసుకున్నాడు. వాతలు పెట్టించుకుని, పసరు తాగి, లివర్ ఇంకా పాడై వచ్చినవాళ్ళు మా వార్డులో పడుకున్నారు. ఆ ఊరి పేరు ఎవరికీ మెసేజ్ చేయకండి, ప్లీజ్.

ఓరుగల్లు_బుల్లెట్:
సరే సారూ, పంపను. కానీ మా ఊళ్ళో చెప్పి చూడండి, మిమ్మల్నే కొడతారు 😀

జగిత్యాల_గల్ఫోడు:
ఈ చర్చ చదువుతుంటే నా కథ గుర్తొచ్చింది. కాజీపేట తమ్ముడూ, నీది భయం, నాది రిపోర్టు. దుబాయ్ వీసా చేతికొచ్చింది, ఏజెంటుకు పైసలు కట్టినం, గామ్కా మెడికల్‌లో (గల్ఫ్ పోయేవాళ్ళకు చేసే ఆరోగ్య పరీక్ష) హెచ్‌బీఎస్‌ఏజీ, అంటే ఒంట్లో బీ వైరస్ ఉందా అని చూసే పరీక్ష, పాజిటివ్ వచ్చింది. అన్‌ఫిట్. ఆ కాగితం పట్టుకుని బస్టాండులో కూర్చుంటే మొదట వచ్చిన ఆలోచన "నేనెక్కడ తప్పు చేసిన" అని. ఇంట్లో వాళ్ళకీ అదే ఆలోచన, మా నాయిన అయితే నోటితోనే అడిగిండు. నా జీవితంలో అట్లాంటిది ఏదైనా ఉందంటే పెళ్ళికి ముందు ఒక్కసారి, అది కూడా ఓరలే. దాని వల్లనే అని నాకు నేనే శిక్ష వేసుకున్న. తర్వాత కరీంనగర్‌లో ఒక పెద్ద డాక్టర్ దగ్గరికి పోతే ఆయన మొదలు అడిగిన ప్రశ్న "మీ అమ్మకు టెస్టు చేయించావా?" అని. చేయించినం. అమ్మకు ఉంది, మా చెల్లెకు ఉంది. అంటే పుట్టుకతోనే.

జ్వరంబిళ్ళ:
జగిత్యాల అన్న చెప్పింది అసలు సంగతి. బీ వైరస్ పుట్టినప్పుడు తల్లి నుంచి సోకితే పదిమందిలో తొమ్మిదిమందికి జీవితాంతం ఉండిపోతుంది. అదే పెద్దయ్యాక సోకితే నూటికి తొంభై ఐదుగురు కొన్ని నెలల్లో తమంతట తామే వదిలించుకుంటారు. అందుకని ముప్పై ఏళ్ళ మనిషికి గల్ఫ్ మెడికల్‌లోనో, రక్తదానం తర్వాతో పాజిటివ్ అని బయటపడితే, మన దగ్గర ముందు చూడాల్సింది పుట్టుక, చిన్నతనం. ఆ రోజుల్లో ఒకే సూదిని వేడినీళ్ళలో ముంచి ఊరంతా పొడిచిన ఇంజక్షన్లు, మంగలి కత్తి, జాతరలో పచ్చబొట్టు, ఇవీ ఉన్నాయి. ఈ వైరస్ ఎండిన రక్తంలో కూడా ఏడు రోజుల దాకా బతుకుతుంది. మొన్నటి రాత్రి జరిగినదాన్ని పట్టుకుని ఏడవడం వల్ల అసలు దారి కనపడకుండా పోతుంది.

కాజీపేట_పోరడు:
అన్నా ఇది చదివాక ఇంకో భయం పట్టుకుంది. నాకూ పుట్టుకతోనే ఉండి ఉంటే?

ల్యాబ్_మామ:
హహ, భయాన్ని బాగానే పోషిస్తున్నావు తమ్మీ. దానికి పరీక్ష ఉంది, ఊహించుకోవడం ఎందుకు. రేపే పోయి హెచ్‌బీఎస్‌ఏజీ చేయించు. ఇప్పుడు పాజిటివ్ వస్తే అది ఆ రాత్రిది అని అనుకోవడానికి లేదు, పాతదే అయ్యే అవకాశం ఎక్కువ. దాన్ని తేల్చడానికి యాంటీ హెచ్‌బీసీ ఐజీఎం అని ఇంకో పరీక్ష ఉంటది, కొత్తగా సోకినవాళ్ళలో అది పాజిటివ్ వస్తది. నెగెటివ్ వస్తే మూడు నెలలు నిండినాక ఇంకోసారి చెయ్యి. ఎందుకంటే సోకిన తర్వాత హెచ్‌బీఎస్‌ఏజీ రక్తంలో కనపడడానికి మామూలుగా నాలుగు వారాలు, కొందరికి తొమ్మిది వారాల దాకా పడుతుంది. ఎస్‌జీపీటీ పెరగడం ఇంకా ఆలస్యం, సగటున రెండు నెలలు. నీకు అయింది రెండు మూడు వారాలు. ఆ లెక్కన చూసినా నీ 58 కి, ఆమె చిగుళ్ళకి సంబంధం కుదరదు.

ఇంకో మాట. కొన్ని ల్యాబులు "ఫుల్ ఎస్టీడీ ప్యాకేజీ" (సుఖవ్యాధుల పరీక్షలన్నీ కలిపి) అని వేలకు వేలు గుంజుతాయి. అందులో హెర్పిస్ ఐజీజీ కూడా కలుపుతారు. అది సగం ఊరికి పాజిటివ్ వచ్చే పరీక్ష, చిన్నప్పుడు పెదవి మీద వచ్చిన హెర్పిస్ పొక్కుల వల్ల కూడా వస్తది. దాని జోలికి పోకు, రిపోర్టు చూసి మళ్ళీ ఇక్కడికే వస్తావు.

పాకాల_గాలి:
వ్యాక్సిన్ సంగతి ఎవరూ చెప్పలేదేంటి? బీ కి టీకా ఉంది కదా. మన హైదరాబాద్‌లోనే శాంతా బయోటెక్నిక్స్ వాళ్ళు 1997లో దేశీయంగా తయారుచేసి బయటికి తెచ్చారు, అప్పటిదాకా విదేశీ టీకా కొనాలంటే సామాన్యుడి వల్ల అయ్యేది కాదు. మనోళ్ళు చేసిన పని మనకే గుర్తుండదు.

జ్వరంబిళ్ళ:
నిజం, అదే రాయబోతున్నాను. పిల్లల టీకాల్లో బీ దేశమంతటా చేరింది 2011 నుంచి. కాజీపేట తమ్ముడి వయసు వాళ్ళలో చాలామందికి పడి ఉండదు. మూడు డోసులు, మొదటిది వేసుకున్న నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. హెచ్‌బీఎస్‌ఏజీ నెగెటివ్ రాగానే మొదలుపెట్టండి. బీ ఉన్న మనిషితో సెక్స్ జరిగిందని ఖాయంగా తెలిస్తే ఆగకుండా, వీలైతే 24 గంటల్లో టీకా వేయించుకోవాలి. దానికి తోడు ఇమ్యునోగ్లోబ్యులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల) ఇంజక్షన్ కూడా ఉంటుంది, అది రెండు వారాల లోపే. ఏ కి కూడా టీకా ఉంది. సీ కి లేదు, కానీ మందు ఉంది, మాత్రలు పన్నెండు వారాలు వాడితే నూటికి తొంభై ఐదు మందికి పైగా పూర్తిగా పోతుంది. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద బీ, సీ రెండింటికీ పరీక్షలు, మందులు ఉచితం.

మల్లెమొగ్గ:
నేను ఇక్కడ ఎప్పుడూ రాయలేదు, చదువుతుంటాను అంతే. జగిత్యాల అన్నయ్య రాసింది చూసి ధైర్యం చేస్తున్నాను. మా ఆయనకు కూడా గల్ఫ్ మెడికల్‌లోనే బయటపడింది. మాది ములుగు దగ్గర. నాకు నెగెటివ్ వచ్చింది, మూడు డోసులు పూర్తయి నెల దాటింది. పిల్లలు ఇంకా లేరు. మా అత్తమ్మ ఆయన కంచం, గ్లాసు వేరు పెట్టింది, సబ్బు కూడా వేరు. రాత్రి ఆయన దగ్గర పడుకోవద్దని నాకు చెప్తుంది. ఆయన దూరంగా జరిగి పడుకుంటాడు, ముద్దు కూడా పెట్టడు. నా ప్రశ్న ఏంటంటే, ఎలా అడగాలో తెలియట్లేదు, మామూలుగా కలవడం, ఇక్కడ మీరు మాట్లాడుకుంటున్నదీ, ఇవన్నీ మేము చేయొచ్చా?

సింగిల్_సింహం:
[ఈ వ్యాఖ్య తొలగించబడింది]

మోడరేటర్:
సింహం గారికి వారం సెలవు. ఆమె అడిగింది ఆరోగ్యం గురించి. ఇంకెవరైనా ఇన్‌బాక్సుల్లోకి దూరితే చెప్పండి అక్కా, శాశ్వతంగా పంపిస్తాను.

జ్వరంబిళ్ళ:
అమ్మా, మంచి ప్రశ్న, అడిగే పద్ధతి కూడా బాగానే ఉంది. మూడో డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీ హెచ్‌బీఎస్ టైటర్ అని పరీక్ష చేయించండి. 10 దాటితే మీకు రక్షణ వచ్చినట్టు. అప్పుడు బీ విషయంలో మామూలుగా కలిసినా, ఓరల్ అయినా, ఇద్దరిలో ఎవరు ఎవరికి చేసినా భయం లేదు. టైటర్ వచ్చేదాకా కండోమ్ వాడండి. 10 కన్నా తక్కువ వస్తే మళ్ళీ డోసులు వేస్తారు, కొందరికి అలా జరుగుతుంది, కంగారు పడొద్దు.

కంచం, గ్లాసు, సబ్బు వేరు పెట్టడం శుద్ధ దండగ. వేరు ఉండాల్సినవి రేజరు, టూత్‌బ్రష్, గోళ్ళు కత్తిరించేది. ముద్దు పెట్టుకోవచ్చు. పిల్లల గురించి కూడా చెప్తున్నాను, మీకు నెగెటివ్ కాబట్టి, టైటర్ బాగుంటే, గర్భం వల్ల బిడ్డకు మీ నుంచి వచ్చేది లేదు. అయినా ఏ బిడ్డకైనా పుట్టిన 24 గంటల్లో బీ టీకా పడాల్సిందే, కాన్పు గదిలోనే అడగండి. ఆయనకు డీఎన్‌ఏ లోడు (రక్తంలో వైరస్ ఎంత ఉందో), ఎస్‌జీపీటీ, లివర్ స్కాన్ చూసి మందు అవసరమా కాదా తేలుస్తారు. అందరికీ వెంటనే మాత్రలు అక్కర్లేదు, కానీ ఆరు నెలలకోసారి చెకప్ మానకూడదు. మద్యం ముట్టకూడదు, ఇందులో బేరాల్లేవు.

మీ అత్తమ్మగారికి, ఆయన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు కూడా పరీక్ష చేయించాలి.

మల్లెమొగ్గ:
అంటే అత్తమ్మ నుంచే ఆయనకు వచ్చి ఉండొచ్చా సార్? ఈ మాట నేను ఆ ఇంట్లో ఎలా అనగలను?

జగిత్యాల_గల్ఫోడు:
చెల్లే, అనకు. నువ్వు అస్సలు అనకు. మా ఇంట్లో అమ్మకు తెలిసినాక రెండు రోజులు అన్నం తినలేదు, నా కొడుకు దుబాయ్ పోకుండా నేనే చేసిన అని. పాపం ఆమెకేం తెలుసు, ఆమెకు వాళ్ళమ్మ నుంచి వచ్చిందేమో.

కాజీపేట_పోరడు:
అందరికీ దండం. నాకు హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ హెచ్‌సీవీ (సీ పరీక్ష) రెండూ నెగెటివ్ వచ్చినయి. మూడు నెలలకు మళ్ళీ చేస్తా, టీకా మొదటి డోసు అయిపోయింది. ఇగ హెచ్‌ఐవీ? వేరే రోగాలు?

జ్వరంబిళ్ళ:
అడిగావు కాబట్టి చెప్తాను. నువ్వు హెపటైటిస్ పట్టుకుని కూర్చున్నావు గానీ, నోటి ద్వారా సులువుగా అంటేవి వేరే ఉన్నాయి. గనేరియా గొంతులో ఏ లక్షణం లేకుండా ఉండి అవతలివాళ్ళకు అంటుతుంది. మగవాళ్ళకు చాలావరకు వారం లోపే మూత్రంలో మంట, చీము వస్తాయి. నువ్వు అలాంటివేమీ చెప్పలేదు, మంచిదే. సిఫిలిస్ అసలు దొంగ. పది రోజుల నుంచి మూడు నెలల లోపు ఎప్పుడైనా నొప్పి లేని పుండు వస్తుంది, నొప్పి లేదు కదా అని వదిలేస్తారు, అది మానిపోతుంది, జబ్బు మాత్రం లోపల ఉండిపోతుంది. వీడీఆర్‌ఎల్ పరీక్ష ఇప్పుడు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి. మొదట్లోనే పట్టుకుంటే ఒక్క పెన్సిలిన్ ఇంజక్షన్‌తో పోతుంది. పెదవి మీద పొక్కులు ఉన్నప్పుడు ఓరల్ చేస్తే హెర్పిస్ కింద కూడా వస్తుంది. హెచ్‌పీవీ (పులిపిర్లు, కొన్ని క్యాన్సర్లు తెచ్చే వైరస్) కూడా ఈ దారిలోనే పోతుంది, దానికి టీకా ఉంది.

హెచ్‌ఐవీ, నీకు జరిగిన దాంట్లో రిస్కు లేదనే చెప్పొచ్చు. అయినా మనసు ఊరుకోదు కాబట్టి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఐసీటీసీకి (హెచ్‌ఐవీ పరీక్ష, సలహా కేంద్రం) వెళ్ళు, ఉచితం, వివరాలు బయటికి పోవు. వెళ్ళడానికి మొహమాటమైతే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097 కి ఫోన్ చెయ్యి, తెలుగులో మాట్లాడతారు. ఇకముందు ఓరల్‌కి కూడా కండోమ్ వాడు. ఫ్లేవర్లు ఉన్నవి తయారుచేసేది ఎక్కువగా దీనికోసమే, మెడికల్ షాపాయన నవ్వితే నవ్వనీ. చేయబోయే ముందు గట్టిగా బ్రష్ చేయడం చాలామంది శుభ్రత అనుకుంటారు, దానివల్లే చిగుళ్ళు గీసుకుపోతాయి.

కాజీపేట_పోరడు:
ఎంజీఎంలో మా పక్కింటి అక్క నర్సు సార్ 😭

ల్యాబ్_మామ:
అయితే కరీంనగర్ పో, జనగామ పో. ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఉంటది. రైలు మీ ఊరి నుంచే కదా.

పాకాల_గాలి:
ఒక ఐడియా. మల్లెమొగ్గ గారూ, మీ అత్తమ్మకు షుగర్ టెస్టు అని చెప్పి రక్తం తీయించి ఇది కూడా కలిపేయండి. గొడవే ఉండదు.

జ్వరంబిళ్ళ:
వద్దు. ఒక మనిషికి చెప్పకుండా ఈ పరీక్ష చేయకూడదు, అది ఆమె రక్తం. పైగా పాజిటివ్ వస్తే అప్పుడేం చెప్తారు? షుగర్ రిపోర్టులో వచ్చిందనా? ఆమెకు వయసు పెద్దది, ఇన్నేళ్ళు ఉండి ఉంటే లివర్ ఎలా ఉందో చూడాలి, మందు కావాల్సి రావచ్చు, అంటే తెలిసి తీరాలి. మల్లెమొగ్గ గారూ, మీ ఆయన్ని చూసే డాక్టర్‌తోనే చీటీ మీద "ఇంట్లో అందరికీ పరీక్ష" అని రాయించండి. మొదట మామగారికి, ఆఖరికి అత్తమ్మగారికి. ఆమె ఒక్కరినే వేలు పెట్టి చూపించినట్టు ఉండకూడదు.

మల్లెమొగ్గ:
అలాగే సార్. సోమవారం ఆయన్ని ఓపీకి తీసుకెళ్తున్నా, నా టైటర్ కూడా అదే రోజు ఇస్తాను. చీటీ మాత్రం ఆయన చేతికి ఇప్పిస్తాను, నేను ఇస్తే అత్తమ్మ చదవకముందే నన్ను చదువుతుంది.

ఓరుగల్లు_బుల్లెట్:
సార్, మా బావమరిదికి కూడా ఇప్పుడు ఈ హెచ్‌బీఎస్‌ఏజీ చేయించాలంటారా?

జ్వరంబిళ్ళ:
చేయించండి. పనిలో పని, మీరూ చేయించుకోండి.